తొమ్మిదో టోపీ

నలభై ఏళ్లు ఈ సరస్సు మంచుకు కన్నాలు పొడిచి
వలలు లాగినవాణ్ణి.
ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి
గిమ్లీ బడి ముందు, రోడ్డు నడిమధ్య,
కర్రకు బిగించిన ఎర్ర పలక ఎత్తి నిలబడతాను.
పేరు సిగ్వాల్డి. పిల్లల నోట ‘ఆగు తాత’.

బళ్లు ఏటేటా పెరుగుతున్నాయి.
పిల్లలే, పాపం, ఎప్పటి సైజులోనే పుడుతున్నారు.
నేను ఈ పనిలో చేరినప్పుడు
బానెట్ నా తొడల దగ్గర ఆగేది.
ఇప్పుడు సరిగ్గా గుండెకు ఎదురుగా
వేడి ఊపిరి వదులుతోంది.

బ్రిన్యా బండి అన్నిట్లోకీ పెద్దది.
ఎనిమిది సీట్లు, నలుగురు పిల్లలు,
హాకీ సంచులు, ఒక తడికుక్క.
ఎక్కడానికి మెట్టు,
ఆ మెట్టు ఎక్కడానికి చిన్నదానికి అమ్మ చెయ్యి.
ఇంత బండి దేనికమ్మా అన్నాను ఒకసారి, నోరూరుకోక.
అద్దం దించి చెప్పింది:
జనవరిలో, తొమ్మిదో నంబరు రోడ్డు మీద,
నేలేదో నింగేదో తెలియనంత తెల్లగాలిలో
కలప లారీ జారుకుంటూ వచ్చి గుద్దింది.
బండి గుంటలో తలకిందులైంది.
“బెల్టులకు గబ్బిలాల్లా వేలాడుతూ ఏడ్చారు తాతా.
చీకట్లో ఏడుపులు లెక్కపెట్టుకున్నాను.
నాలుగూ ఉన్నాయి.”
ఆ బండి తుక్కుకు పోయింది.
ఇది దాని తర్వాతిది,
ఇంకో జానెడు ఎత్తు.

నేనేమంటాను?
కడుపులో పెట్టుకుని కాచినదాన్ని
తప్పుపట్టే నోరు నాకు లేదు.
కానీ మంచు సంగతి నాకు తెలుసు.
నాలుగు చక్రాలూ లాగితే కదలడం సులువు,
ఆగేటప్పుడు మాత్రం
బరువు తన మాటే నెగ్గించుకుంటుంది.
మా తమ్ముడు స్టైని కిటికీలోంచి దూరి బతికాడు.
వాడి ట్రక్కు ఇంకా సరస్సు అడుగునే ఉంది.
చాలా గట్టి ట్రక్కు.
ఒక్క గీత పడి ఉండదు.

మార్చిలో, బడి ఆవరణలో,
కొత్తగా వచ్చిన కానిస్టేబులమ్మ ఒక ఆట పెట్టింది.
డ్రైవరు సీట్లో బ్రిన్యా.
బండి ముందు పట్టా పరిచి
ఒకరి వెనక ఒకరిగా పిల్లల్ని కూర్చోబెట్టారు.
తల కనబడగానే హారన్ కొట్టాలి.

ఒకటి. గాలి తప్ప చప్పుడు లేదు.
మూడు. ఎవడో తుమ్మాడు.
ఐదు, ఆరు. పిల్లలకిదంతా నవ్వులాట,
టీచర్లు నవ్వడం మానేశారు.
ఎనిమిది.
తొమ్మిదోవాడి నారింజరంగు టోపీ మీది ఉన్నిబంతి
కాస్త ఊగింది.
అప్పుడు మోగింది హారన్.

దీపం కింద చీకటి ఉంటుందంటారు.
ఈ దీపాలకు చీకటి ముందుంటుంది.

ఆమె మెట్టు దిగి, చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది.
వరసలో మూడోది పసుపు టోపీ,
తన చేత్తో అల్లిందే.
“అమ్మా, నేను చెయ్యి ఊపాను,” అంది ఊనా.
“నువ్వు ఊపలేదు.”

బండి అమ్మలేదు. అప్పు ఇంకా నాలుగేళ్లుంది.
ముందుకో కెమెరా పెట్టిస్తానన్నాడట మొగుడు.
పెట్టించాడు. దాని కంటికి రోజూ మంచు పడుతుంది,
ఆమె రోజూ చేతితొడుగుతో తుడుస్తుంది.
ఇప్పుడు ఎక్కేముందు బండి చుట్టూ
ఒకసారి నడిచి వస్తుంది,
వెనకాలే కుక్క.

ఈ బళ్లు మంచివేనా అని నన్నడిగేవాళ్లున్నారు.
లోపల కూర్చున్నవాళ్లను అడగండి, ఒకటి చెబుతారు.
నేను ముందు నిలబడేవాణ్ణి.

నిన్న పొద్దున గీతకు చాలా ముందే ఆపేసింది,
మధ్యలో ఇంకో బండి పట్టేంత దూరం.
వెనకాల ఎవడో గుక్క తిప్పుకోకుండా హారన్.
ఆమె కదల్లేదు.
పిల్లలంతా దాటిపోయారు,
రోడ్డు ఖాళీ.
నేను పలక దించడం
కాస్త ఆలస్యం చేశాను.